ముప్ఫై ఒకటో వరుస

ఉలాన్-ఉదేలో జనవరి.
బయట సున్నాకి ముప్ఫై ఎనిమిది డిగ్రీలు కింద.
ఊరంతటికీ మనిషి ఒంటి వేడి ఉన్నది
మా ల్యాబు ఇంక్యుబేటరు ఒక్కటే.
అందులో పడుకున్నవి మాత్రం
మనుషుల్ని తినేవి.

కోడిగుడ్ల సొనలో పచ్చరంగు కలిపి
వాటికి పరుపు వేసేది నేనే.
మిగతా క్రిములు రాత్రికి రాత్రే జాతర చేస్తాయి.
వీటికి తొందర లేదు.
అలిగిన వియ్యపురాళ్లలా ఎనిమిది వారాలు బెట్టు చేసి
అప్పుడు కనిపిస్తాయి,
నలిపిన రొట్టెపొడిలా, పాత వెన్న రంగులో.

సీసా మీద పేరుండదు. 31 అని ఉంటుంది.
నాకు తెలియకూడదు గాని తెలుసు:
త్సిబిక్‌జాప్, బైకాల్ మీద వల వేసేవాడు.
చెప్పుకోలేని జబ్బని ఆరేళ్లు దాచాడు.
రాత్రికి పదిహేనుసార్లు లేచి మంచులోకి పోయేవాడు,
భార్య అడిగితే కుక్క అరిచిందనేవాడట.
మూడు పొద్దుల తొలి మూత్రం
గడ్డకట్టకుండా ఊలు మేజోడులో చుట్టి తెచ్చి
బల్ల మీద పెట్టి మొహం తిప్పుకున్నాడు.

మందులు మొదలయ్యాక సీసా కమలాతొక్క రంగుకి తిరిగింది.
"నెత్తురా?"
"కాదు, మాత్ర రంగు."

డాక్టర్ ఎర్జెనా కాగితం మీద గీసి చూపించింది.
కిడ్నీ నుంచి కిందికి దిగే దారి
నీ వల తాడంత లావు కూడా ఉండదు.
పుండు మానుతుంది. మానేటప్పుడు ముడుచుకుంటుంది.
ముడుచుకుంటే దారి మూసుకుంటుంది,
పైన నీళ్లు నిలిచి
కిడ్నీ ఉత్త సంచి అవుతుంది.
జబ్బు వదిలేసినదాన్ని
ఒక్కోసారి నయం కావడమే తీసుకుపోతుంది.

మా పరిశోధన అదే.
సగంమందికి ముందే సన్నటి గొట్టం వేస్తాం,
సగంమందిని ఆగి చూస్తాం.
ఎవరికేదో మూసిన కవరు చెబుతుంది.
"దేవుడు రాసిందా?" అన్నాడు.
"కాదు, చీటీ."
మొదటిసారి నవ్వాడు.
"మా పడవలో వంతులూ అంతే."

అతనికి గొట్టం పడింది.
మూడో నెల వచ్చాడు, తీయించుకున్నాడు. ఆరో నెల వచ్చాడు.
అతని సీసాకి ఎనిమిది వారాలు కాపలా కాశాను.
ఏమీ మొలవలేదు.
ఏమీ మొలవకపోవడాన్ని చూస్తూ కూర్చోవడమే
నా ఉద్యోగం.

పన్నెండో నెల రాలేదు.
ఫోను మోగి మోగి ఊరుకుంది.
ఉత్తరం రాశాం. బస్సు డ్రైవరుతో కబురంపాం.
గడువు దాటింది.
లెక్కలు చూసేవాడు ముప్ఫై ఒకటో వరుసలో
"జాడ లేదు" అని రాయించాడు.
అలాంటివాళ్లు మొత్తం పదకొండుమంది.
అందులో ఇద్దరు ఎందుకు రాలేదో నాకు తెలుసు.
వాళ్ల ఇళ్లకి నేనే వెళ్లాను.

ఆ పై జూన్‌లో, బజారులో,
పొగబెట్టిన చేపల వరుస వెనక నుంచి
"సీసాల అక్కా!" అని కేక.
కాస్త ఒళ్లు చేశాడు. గడ్డం గీసుకున్నాడు.
ఎందుకు రాలేదన్నాను.
నేరం ఒప్పుకుంటున్నవాడిలా తల వంచి,
"రాత్రంతా నిద్రపడుతోంది," అన్నాడు.
"నిద్రపోయేవాడికి ఆస్పత్రి ఎక్కడ గుర్తుంటుంది?"

రొప్పుతూ వచ్చి చెప్పాను.
ఎర్జెనా పట్టిక వంక చాలాసేపు చూసింది.
తాళం పడిపోయిన పట్టిక అది.
"బజారులో కనపడటం పరీక్ష కాదు," అంది.
నిజమే.
ఆ గడి అలాగే అచ్చుకి పోయింది,
నిద్రపోతున్నవాడూ ఇక లేవనివాళ్లూ
ఒకే అంకెలో.

డబ్బు పుచ్చుకోకుండా అతనిచ్చిన రెండు చేపల్ని
టీ గదిలో పాత పేపరు పరిచి తిన్నాం.
పొగ వాసన పడదనే ఎర్జెనా
ముల్లు ముల్లూ ఏరి అంచున పేరుస్తూ,
తల ఎత్తకుండా అడిగింది:
"రాత్రంతా అన్నాడా?"
"రాత్రంతా."
ఇంకో ముక్క తీసుకుంది.